డేటా ఎవరు తిన్నారు? పీసీ చూపించే నెట్‌వర్క్ లెక్కల్ని చదవడం ఎలా

నెల మధ్యలో నెట్ స్లో అయిపోతే ఇంట్లో అయినా, బ్యాచిలర్స్ ఫ్లాట్‌లో అయినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "డేటా ఎవరు తిన్నారు?" వెంటనే అందరి చూపూ పెద్ద పీసీ ఎవరి టేబుల్ మీద ఉందో వాళ్ళ మీదకి వెళ్తుంది. విండోస్‌లో డేటా యూసేజ్ పేజీ ఓపెన్ చేస్తే అక్కడ పెద్ద నంబర్ కూడా కనిపిస్తుంది. ఇంకేముంది, కేసు క్లోజ్!

కానీ అదే పీసీలో టాస్క్ మేనేజర్ ఒక లెక్క చెప్తుంది, రిసోర్స్ మానిటర్ ఇంకో లెక్క చెప్తుంది, రౌటర్ పేజీలో వేరే నంబర్ ఉంటుంది, ప్రొవైడర్ పోర్టల్‌లో వీటిలో దేనితోనూ కలవని నంబర్ ఉంటుంది. ఏది నమ్మాలి?

చాలాసార్లు అన్నీ కరెక్టే. ఒక్కోటి ఒక్కో చోట నిలబడి లెక్కపెడుతుంది, అంతే. అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ లెక్కే తీసుకోండి. మెయిన్ మీటర్ బిల్డింగ్ మొత్తానికి వచ్చిన నీళ్ళు చూపిస్తుంది. మీ ఫ్లాట్ మీటర్ మీ కుళాయిల్లోంచి వెళ్ళినవి మాత్రమే చూపిస్తుంది. మీ ఇంట్లోనే ఒక బకెట్ లోంచి ఇంకో బకెట్‌లోకి పోసుకున్న నీళ్ళకి బిల్లు రాదు. డేటాలో వచ్చే గొడవల్లో సగం ఈ మూడింటినీ కలిపేయడం వల్ల వచ్చేవే. అందుకే ఏ స్క్రీన్ దేన్ని లెక్కపెడుతుందో ఈ ఆర్టికల్‌లో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు యూనిట్ చూడండి

మన మాటల్లో ఒక చిక్కు ఉంది. సెకనుకి మెగాబిట్లు అన్నా, సెకనుకి మెగాబైట్లు అన్నా మనం "ఎంబీపీఎస్" అనే అంటాం. రెండింటికీ తేడా ఎనిమిది రెట్లు. ప్లాన్ 100 ఎంబీపీఎస్ అంటే అవి మెగాబిట్లు. బ్రౌజర్‌లో డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు కనిపించేవి మెగాబైట్లు. 100ని 8తో భాగిస్తే 12.5.

ఆ 12.5 కూడా పూర్తిగా మీ ఫైల్‌కి దక్కదు. డేటా ప్యాకెట్లుగా వెళ్తుంది. మామూలు ఈథర్‌నెట్ కేబుల్ మీద 1460 బైట్ల అసలు సరుకు పంపాలంటే హెడర్లు, మధ్యలో వదిలే ఖాళీ కలిపి 1538 బైట్లంత చోటు పడుతుంది. అంటే చేతికి వచ్చేది 95 శాతం లోపే. 100 మెగాబిట్ల లైన్ మీద ఫైల్ సెకనుకి సుమారు 11.8 మెగాబైట్ల దగ్గర ఆగితే అది ఫుల్ స్పీడే, కంప్లైంట్ ఇవ్వాల్సిన పని లేదు.

ఇంకో తేడా జీబీలో ఉంది. విండోస్ సాధారణంగా 1024 పద్ధతిలో లెక్కేస్తుంది. 1000 పద్ధతిలో లెక్కేసేవాళ్ళ దగ్గర అదే డేటా 7.4 శాతం ఎక్కువ కనిపిస్తుంది. విండోస్‌లో 100 జీబీ అంటే అక్కడ 107.4 జీబీ. పోర్టల్‌లో నంబర్ మీదానికంటే ఏడెనిమిది శాతం పెద్దగా ఉంటే, ఎవరో దొంగిలించారని అనుకునే ముందు ఈ గుణకారం ఒకసారి చేసి చూడండి.

ఏ స్క్రీన్ ఏం లెక్కపెడుతుంది?

*డేటా యూసేజ్ పేజీ.* విండోస్ 11లో సెట్టింగ్స్ > నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ > అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ > డేటా యూసేజ్. ఏ యాప్ ఎంత వాడిందో చూపిస్తుంది. ఇక్కడ మూడు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, మామూలుగా ఇది చూపించేది గత 30 రోజుల లెక్క. మీ బిల్లింగ్ సైకిల్ ఏ తారీకున మొదలైందో దానికి తెలీదు. రెండు, పైన సెలెక్ట్ చేసిన నెట్‌వర్క్ లెక్క మాత్రమే కనిపిస్తుంది. వైఫై సెలెక్ట్ చేసి ఉంటే కేబుల్ మీద వాడింది అందులో రాదు. మూడు, అన్నిటికంటే ముఖ్యమైనది: నెట్‌వర్క్ కార్డు దాటిన ప్రతి బైటూ ఇక్కడ లెక్కే. అది అమెరికా సర్వర్ నుంచి వచ్చిందా, పక్క రూమ్ లాప్‌టాప్ నుంచి వచ్చిందా అనేది ఈ పేజీ పట్టించుకోదు.

*టాస్క్ మేనేజర్.* పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో వైఫై లేదా ఈథర్‌నెట్ మీద క్లిక్ చేస్తే ఆ క్షణంలో వేగం ఎంతో కనిపిస్తుంది. ఇది బిట్లలో ఉంటుంది. మొత్తం ఎంత వాడారో ఇక్కడ తెలీదు. దానికి యాప్ హిస్టరీ ట్యాబ్ ఉంది, కానీ మామూలుగా అందులో స్టోర్ యాప్స్ మాత్రమే కనిపిస్తాయి. టాస్క్ మేనేజర్ సెట్టింగ్స్‌లో అన్ని ప్రాసెస్‌ల హిస్టరీ చూపించమనే ఆప్షన్ ఆన్ చేస్తే మిగతావి కూడా వస్తాయి. ఏ తేదీ నుంచి లెక్కేస్తోందో పైన రాసి ఉంటుంది, ముందు అది చదవండి.

*రిసోర్స్ మానిటర్.* స్టార్ట్ మెనూలో పేరు టైప్ చేస్తే వచ్చేస్తుంది. నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఏ ప్రాసెస్ సెకనుకి ఎంత పంపుతోంది, ఎంత తీసుకుంటోంది, ఏ అడ్రస్‌తో మాట్లాడుతోంది అన్నీ ఉంటాయి. ఇక్కడ యూనిట్ బైట్లు. పైగా ఇది గత నిమిషం సగటు. టాస్క్ మేనేజర్‌లో 80 ఉన్నప్పుడు ఇక్కడ సుమారు 10 మిలియన్ కనిపిస్తే రెండూ ఒకటే చెప్తున్నాయి.

*అడాప్టర్ స్టేటస్.* కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ కనెక్షన్స్‌కి వెళ్ళి మీ అడాప్టర్ మీద డబుల్ క్లిక్ చేస్తే సెంట్, రిసీవ్డ్ అని రెండు నంబర్లు ఉంటాయి. ఇవి కనెక్షన్ మొదలైనప్పటి నుంచి వచ్చిన బైట్లు. రీస్టార్ట్ చేస్తే మళ్ళీ సున్నా. నెల లెక్కకి ఇది పనికిరాదు, ఒక గంట లెక్క చూసుకోవడానికి మాత్రం దీనికి మించింది లేదు.

*రౌటర్ పేజీ.* ఇంటి మొత్తం లెక్క ఇక్కడ దొరుకుతుంది: టీవీ, ఫోన్లు, సీసీ కెమెరా, పీసీ అన్నీ కలిపి. కానీ పాత రౌటర్లతో ఒక చిక్కు ఉంది. కొన్నిటిలో కౌంటర్ 32 బిట్లదే. అది 4,29,49,67,295 వరకు లెక్కపెట్టి మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది, పాత స్కూటర్ మీటర్ తిరిగినట్టు. అంటే సుమారు 4.29 జీబీ. 100 మెగాబిట్ల లైన్ ఫుల్‌గా నడిస్తే 6 నిమిషాల లోపే ఒక రౌండ్ అయిపోతుంది. వారం రోజులు వాడాక కూడా రౌటర్ "2.1 జీబీ" అని చూపిస్తుంటే ఆ నంబర్‌ని అసలు నమ్మకండి.

మ్యాక్ వాడేవాళ్ళకి యాక్టివిటీ మానిటర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ ఉంది. కింద కనిపించే మొత్తం, మెషిన్ ఆన్ చేసినప్పటి నుంచి వచ్చిన లెక్క. లినక్స్‌లో వీఎన్‌స్టాట్ ఇన్‌స్టాల్ చేసుకుంటే రోజువారీ, నెలవారీ లెక్క దాచిపెడుతుంది. అయితే అది ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచే మొదలవుతుంది, అంతకుముందుది దానికి తెలీదు.

610 జీబీ కేసు

ఈ మధ్య నా ఫ్రెండ్ వాళ్ళ ఫ్లాట్‌లో సరిగ్గా ఇదే గొడవ. నలుగురు ఉంటారు. లోకల్ ప్రొవైడర్ దగ్గర 100 మెగాబిట్ల ప్లాన్, నెలకి 1000 జీబీ లిమిట్, సైకిల్ 1వ తారీకున మొదలవుతుంది. 19వ తారీకుకే లిమిట్ అయిపోయి స్పీడ్ పడిపోయింది. ఒకడికి వర్క్ ఫ్రమ్ హోమ్, మీటింగ్‌లో వీడియో ఆగిపోతోంది. నలుగురిలో ఒకడు గేమర్. వాడి పీసీలో డేటా యూసేజ్ పేజీ తీస్తే 610 జీబీ. మిగతా ముగ్గురూ కలిసి తీర్పు చెప్పేశారు: పెద్ద ప్లాన్‌కి మారదాం, ఎక్కువయ్యే డబ్బు ప్రతి నెలా వీడే కట్టాలి. "అరే, నేను అంత డౌన్‌లోడ్ చెయ్యలేదురా" అని వాడు ఎంత చెప్పినా స్క్రీన్ మీద నంబర్ ఉంది కదా, ఎవరు నమ్ముతారు?

ఆదివారం నేను వెళ్ళినప్పుడు ఆ 610ని ముక్కలు చేసి చూశాం. స్టీమ్ 430, సిస్టమ్ అనే పేరుతో 95, బ్రౌజర్ 60, మిగతావన్నీ కలిపి 25.

స్టీమ్‌లో 2023లో లోకల్ నెట్‌వర్క్ గేమ్ ట్రాన్స్‌ఫర్ అనే ఫీచర్ వచ్చింది. ఒకే ఇంట్లో ఇంకో పీసీలో ఆ గేమ్ ఉంటే ఇంటర్నెట్ నుంచి కాకుండా అక్కడి నుంచే కాపీ చేసుకుంటుంది. మనవాడు మూడు పెద్ద గేమ్స్ రూమ్‌మేట్ పీసీ నుంచే తెచ్చుకున్నాడు. సైజులు కలిపితే 280 జీబీ. విండోస్ లెక్కలో అవి ఉన్నాయి, ప్రొవైడర్ లెక్కలో లేవు. బకెట్ నుంచి బకెట్‌లోకి పోసిన నీళ్ళు అన్నమాట.

సిస్టమ్ పేరుతో ఉన్న 95 జీబీ సంగతి? వాడి పీసీలో సినిమాల ఫోల్డర్ షేర్ చేసి ఉంది, హాల్లో టీవీ అందులోంచే ప్లే చేస్తుంది. విండోస్ ఫైల్ షేరింగ్ కెర్నెల్ లోపల నడుస్తుంది కాబట్టి దాని లెక్క ఏ యాప్ పేరు మీదా పడకుండా సిస్టమ్ మీద పడుతుంది. ఇదీ ఇంట్లో తిరిగిన డేటానే.

ఇక మిగిలింది తేదీల తేడా. విండోస్ చూపించేది గత 30 రోజులు, అంటే పోయిన నెల చివరి పదిరోజులు కూడా అందులో ఉన్నాయి. 80 జీబీ గేమ్ ఒకటి పోయిన నెల 25న దింపాడు. 610 లోంచి 280, 95, 80 తీసేస్తే 155. దాన్ని 1000 పద్ధతిలోకి మారిస్తే సుమారు 166 జీబీ. అందరి దృష్టిలో ముద్దాయి అయినవాడి వాటా ఇంతే.

మరి మిగతాది ఏమైంది? పోర్టల్‌లోనే జవాబు ఉంది, కానీ ఎవరూ రెండో లైన్ చదవలేదు. డౌన్‌లోడ్ 540 జీబీ, అప్‌లోడ్ 460 జీబీ. నలుగురిలో ఒకడు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. "నేను ఏమీ డౌన్‌లోడ్ చెయ్యను" అన్నాడు, అది నిజమే. కానీ అతని ఎక్స్‌పోర్ట్ ఫోల్డర్ క్లౌడ్ సింక్‌లో ఉంది. ఒక్కో ఎక్స్‌పోర్ట్ 12 జీబీ దాకా ఉంటుంది. క్లయింట్ చిన్న మార్పు చెప్పిన ప్రతిసారీ కొత్త ఫైల్ తయారై మొత్తం మళ్ళీ పైకి వెళ్తోంది. రోజుకి మూడు చొప్పున 12 రోజులు వేసుకుంటే 432 జీబీ. రిసోర్స్ మానిటర్ తెరిచి ఒక ఎక్స్‌పోర్ట్ చేయమన్నాం. సెండ్ కాలమ్‌లో సింక్ యాప్ వెంటనే పైకి వచ్చి కూర్చుంది.

ఎక్స్‌పోర్ట్ ఫోల్డర్‌ని సింక్ బయటికి తీసేశారు, ఫైనల్ కాపీ మాత్రమే క్లౌడ్‌లోకి వెళ్తోంది. ప్లాన్ మార్చలేదు, ఎవరూ ఎక్స్‌ట్రా కట్టలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. గేమర్‌కి మాత్రం ఒక సారీ దక్కింది.

లిస్టులో అనుమానంగా కనిపించే పేర్లు

*సర్వీస్ హోస్ట్.* ఈ పేరు చూసి వైరస్ అనుకునేవాళ్ళు చాలామంది. విండోస్ సర్వీసులు దీని లోపల నడుస్తాయి. విండోస్ అప్‌డేట్ కూడా ఇలాగే కనిపిస్తుంది. టాస్క్ మేనేజర్‌లో పక్కనున్న బాణం గుర్తు నొక్కితే లోపల ఏ సర్వీస్ ఉందో తెలుస్తుంది.

*డెలివరీ ఆప్టిమైజేషన్.* విండోస్ అప్‌డేట్ ఫైళ్ళని వేరే పీసీల నుంచి తెచ్చుకోవడం, వేరే పీసీలకి ఇవ్వడం దీని పని. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ > అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద ఉంటుంది. యాక్టివిటీ మానిటర్ ఓపెన్ చేస్తే ఈ నెలలో మైక్రోసాఫ్ట్ నుంచి ఎంత వచ్చింది, లోకల్ పీసీల నుంచి ఎంత వచ్చింది, మీ పీసీ బయటికి ఎంత పంపింది అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఇంటర్నెట్‌లో ఉన్న పీసీలకి పంపడం ఇష్టం లేకపోతే లోకల్ నెట్‌వర్క్‌కే పరిమితం చేయండి.

*వీపీఎన్, వర్చువల్ మెషిన్.* వీపీఎన్ ఆన్ చేస్తే అదే డేటా రెండు అడాప్టర్లు దాటుతుంది: ముందు వర్చువల్ అడాప్టర్, తర్వాత అసలు వైఫై కార్డు. రెండు నంబర్లూ కూడితే వాడకం డబుల్ అయినట్టు కనిపిస్తుంది. వర్చువల్ మెషిన్లు, విండోస్‌లో లినక్స్ నడిపేవాళ్ళకీ ఇదే జరగొచ్చు. ప్రొవైడర్‌తో పోల్చేటప్పుడు అసలు కార్డు నంబర్ ఒక్కటే తీసుకోండి.

నంబర్ పెద్దదా, చిన్నదా?

నంబర్ చూడగానే అది నమ్మదగ్గదో కాదో తెలియాలంటే కొన్ని లెక్కలు మనసులో ఉండాలి. సెకనుకి 1 మెగాబిట్ చొప్పున నెలంతా ఆగకుండా నడిస్తే 30 రోజులకి 324 జీబీ. క్లౌడ్‌కి 2 మెగాబిట్లతో 24 గంటలూ వీడియో పంపే కెమెరా ఒక్కటే 648 జీబీ. టాస్క్ మేనేజర్ గ్రాఫ్‌లో అది నేల మీద పాకుతున్న గీతలా ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. ఒక్కసారి వచ్చే పెద్ద డౌన్‌లోడ్ కంటే ఆగకుండా కారే చిన్న ధారే ప్రమాదం.

మన దగ్గర చాలా ఫైబర్ ప్లాన్లలో "అన్‌లిమిటెడ్" అన్న మాట కింద చిన్న అక్షరాల్లో 3300 జీబీ అని ఉంటుంది. నెలంతా సగటున 10.2 మెగాబిట్లు వాడితే ఇది అయిపోతుంది. అదే 100 మెగాబిట్ల లైన్‌ని ఫుల్‌గా వాడితే 73 గంటలు. నెట్‌ఫ్లిక్స్ తనే చెప్పే లెక్క ప్రకారం హెచ్‌డీ గంటకి 3 జీబీ దాకా, 4కే గంటకి 7 జీబీ దాకా. మొబైల్ హాట్‌స్పాట్ మీద రోజుకి 1.5 జీబీ ఉన్నవాళ్ళ పరిస్థితి ఇంకా కష్టం. 50 మెగాబిట్ల స్పీడ్ వస్తే అప్‌డేట్ ఒక్కటి మొదలైనా 4 నిమిషాల్లో ఆ రోజు కోటా ఖాళీ.

24 గంటల టెస్ట్

ప్రొవైడర్ లెక్క తప్పని మీకు గట్టిగా అనిపిస్తే వాదన మొదలుపెట్టే ముందు ఈ టెస్ట్ చేయండి.

1. ఒక టైమ్ ఫిక్స్ చేసుకోండి, ఉదాహరణకి రాత్రి 9 గంటలు. పోర్టల్‌లో డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ విడిగా స్క్రీన్‌షాట్ తీయండి.

2. అదే టైమ్‌కి పీసీలో అడాప్టర్ స్టేటస్ నంబర్లు రాసుకోండి. 24 గంటలు రీస్టార్ట్ చేయకండి, స్లీప్‌లోకి వెళ్ళనివ్వకండి.

3. ఆ రోజు ఇంట్లో పీసీల మధ్య ఫైళ్ళు కాపీ చేయకండి. వీలైతే మిగతా డివైస్‌లన్నీ వైఫై నుంచి తీసేయండి. వీలుకాకపోతే వాటి లిస్ట్ రాసుకోండి.

4. మర్నాడు 9 గంటలకి మళ్ళీ అవే నంబర్లు తీసుకుని తేడాలు లెక్కేయండి. అడాప్టర్ చూపించేవి విడి బైట్లు కాబట్టి వాటిని 100 కోట్లతో భాగిస్తే 1000 పద్ధతి జీబీ వచ్చేస్తుంది.

పీసీ ఒక్కటే ఆన్‌లో ఉన్న రోజు రెండు లెక్కలూ కొన్ని శాతాల తేడాతో కలవాలి. పోర్టల్ కొన్ని గంటలు ఆలస్యంగా అప్‌డేట్ అవ్వొచ్చు కాబట్టి ఇంకో రోజు ఆగి చూడటం మంచిది. అప్పటికీ పీసీ 6 జీబీ అంటుంటే పోర్టల్ 20 అంటోందంటే రెండే దారులు. ఇంట్లో మీకు తెలియని డివైస్ ఏదో మీ వైఫైలో ఉంది, లేదా అవతలి లెక్కలో తేడా ఉంది. మొదటిది తేల్చుకోవడానికి రౌటర్‌లో కనెక్టెడ్ డివైస్‌ల లిస్ట్ చూసి, పాస్‌వర్డ్ మార్చి, టెస్ట్ మళ్ళీ చేయండి. అప్పటికీ తేడా పోకపోతే తేదీలు, స్క్రీన్‌షాట్లతో కంప్లైంట్ పెట్టండి. "మేం అంత వాడలేదండీ" అనే మాటకీ, 24 గంటల స్క్రీన్‌షాట్లకీ కస్టమర్ కేర్‌లో వచ్చే జవాబులు ఒకేలా ఉండవు.

ఇప్పుడే పెట్టుకోవాల్సిన రెండు సెట్టింగ్స్

డేటా యూసేజ్ పేజీలోనే లిమిట్ పెట్టుకునే ఆప్షన్ ఉంది. మంత్లీ సెలెక్ట్ చేసి, రీసెట్ డేట్ దగ్గర మీ బిల్లింగ్ తారీకు ఇవ్వండి. లిమిట్ దగ్గర పడుతుంటే విండోస్ ముందే చెప్తుంది.

రెండోది, హాట్‌స్పాట్ వాడేవాళ్ళు ఆ వైఫై ప్రాపర్టీస్‌లో మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయండి. చాలావరకు అప్‌డేట్లు వాటంతట అవి డౌన్‌లోడ్ కావు, వన్‌డ్రైవ్ సింక్ కూడా ఆగుతుంది. అలాగని దీన్ని ఆన్ చేసి మర్చిపోకండి, సెక్యూరిటీ అప్‌డేట్లు వెనకబడతాయి. వారానికి ఒకసారి ఫైబర్ ఉన్నచోట కూర్చుని అప్‌డేట్ చేసేయండి.

ఇకమీదట మీ ఇంట్లో ఎవరైనా స్క్రీన్ మీద పెద్ద నంబర్ చూపించి "ఇదిగో, నువ్వే" అంటే నాలుగు ప్రశ్నలు అడగండి. బిట్లా, బైట్లా? ఏ తారీకు నుంచి? ఇంట్లో తిరిగిందా, బయట నుంచి వచ్చిందా? అప్‌లోడ్ ఎంత? ఈ నాలుగింటికీ జవాబు వచ్చాకే ఎవరు ఎంత కట్టాలో మాట్లాడుకోవచ్చు.